తోమిన బోల్టులు

ఆ వీధిలో కార్ల షెడ్డు నడిపే మెకానిక్కుని అందరూ డబ్బాలాయన అంటారు. ఆయన పలుకుతాడు కూడా. షెడ్డులో మూడు గోడలకీ అరలు, అరల నిండా బిస్కెట్ డబ్బాలు, డబ్బాల నిండా పాత బోల్టులు. ఏ బోల్టు ఊడి చేతికొచ్చినా కిరసనాయిల్లో నానబెట్టి, ఇనుప బ్రష్షుతో తళతళలాడేలా తోమి దాచేస్తాడు. "గట్టిగా ఉన్నదాన్ని పారేయడానికి చేతులెలా వస్తాయయ్యా?" అంటాడు. పారేయడానికి రాని ఆ చేతులు తోమడం మొదలెడితే ఆగవు. అదో రోగం, మందు లేదు.

బ్రేకుల్ని చక్రం దగ్గర పట్టి ఉంచే బోల్టుల గురించి కారు పుస్తకం ఖరాఖండీగా చెప్పింది: బిగించినప్పుడు ఇవి సాగుతాయి, ఊడదీస్తే మళ్ళీ వాడొద్దు. డబ్బాలాయన ఆ పుస్తకాన్ని కుంటి స్టూలు కాలికింద పెట్టి, దాని మీద హాయిగా కూర్చుంటున్నాడు.

ఆ రోజు సంగతి వేరు. ఆయన భార్యకి యాభై రెండో ఏట, మూడుసార్లు తప్పాక, డ్రైవింగు లైసెన్సు వచ్చింది. మధ్యాహ్నం తనొక్కతే కారు నడుపుకుంటూ కొండవాలు దిగి అక్కగారింటికి వెళ్తానంది. కొండవాలు అనగానే మనవాడి గుండె జారింది. పొద్దున్నే స్టూలు కింద పుస్తకం లాగి చదివాడు. బజారుకి పరిగెత్తి కొత్త బోల్టులు నాలుగు తెచ్చాడు. ముందు చక్రాల బ్రేకులు విప్పి పాతవి నాలుగూ తీశాడు.

తీశాక ఏం చేశాడు? ఏం చేస్తాడు, తోమాడు! రేడియో వింటూ పాత నాలుగూ తోమి, అదే ఊపులో పక్కనున్న కొత్త నాలుగూ తోమేశాడు. వదులవకుండా కంపెనీవాళ్ళు బోల్టు మరల మీద పూసిన నీలం జిగురుని మురికనుకుని మరీ గీకాడు. తేరుకుని చూస్తే గుడ్డ మీద ఎనిమిది బోల్టులు, ఒక్క తల్లి పిల్లల్లా మెరుస్తున్నాయి.

"బోల్టు మొహం చూసి వయసు చెప్తా" అని ఊరంతా కోతలు కోసిన మనిషి! ఒక్కోదాన్నీ వెలుతురుకి పట్టాడు, గోటితో గీరాడు, అరచేతిలో తూచాడు. ఊహూఁ.

అంతలో భార్య బ్యాగు తగిలించుకుని వచ్చింది. ఆవిడ బట్టలు కుడుతుంది.

"ఏమండీ, అయిందా?"

"ఆఁ... అంటే... ఎనిమిదీ బాగానే ఉన్నాయిలే. ఏ నాలుగు వేసినా ఒకటే."

"ఒకటే అయితే పొద్దున్నే బజారుకెందుకు పరిగెత్తారు?"

జరిగింది చెప్పక తప్పలేదు. ఆవిడ నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది.

"సాగిపోయిన ఎలాస్టిక్ ఉతికి ఆరేస్తే కొత్తదవుతుందా? నేను ఎవరి పావడాకైనా అది కుడతానా? ఎనిమిదీ పారేసి మళ్ళీ తెండి."

ఆయన చెప్పులేసుకున్నాడు. వెనక నుంచి మళ్ళీ గొంతు.

"ఆగండాగండి. పోయిన వారం టీచరుగారి కారుకి బ్రేకులు చేశారుగా. దానికి ఏవి బిగించారు?"

టీచరుగారు రోజూ ఇద్దరు పిల్లల్ని వెనక కూర్చోబెట్టుకుని అదే వాలు దిగుతుంది. తన మనిషి కోసం పుస్తకం తెరిచినవాడికి ఆ పిల్లలు గుర్తే రాలేదు. సిగ్గుతో చెవులు మండిపోయాయి.

"డబ్బాలోవే," అన్నాడు.

ఆవిడ నవ్వు ఆగిపోయింది. వెంటనే టీచరుగారికి ఫోను చేసి, "మేమొచ్చేదాకా కారు తీయకండమ్మా" అని చెప్పింది.

ఆయన కొత్తవి ఎనిమిది తెచ్చి, పొట్లం విప్పకుండానే భార్య చేతికిచ్చాడు. "నీ దగ్గరే ఉంచు. నా చేతుల్ని నమ్మకు." ఆవిడ ఒక్కొక్కటీ అందిస్తుంటే, పుస్తకంలో రాసినంత బిగువుకి నాలుగూ బిగించాడు. షెడ్డు ముందే ముందుకీ వెనక్కీ నడిపి, బ్రేకు నాలుగైదుసార్లు తొక్కి చూశాడు. తర్వాత తాళం ఆవిడకిచ్చి, పనిముట్ల పెట్టెతో పక్క సీట్లో కూర్చున్నాడు.

"మీ అక్క ఎదురుచూస్తుందేమోనే."

"అక్కకి రేపు. పదండి."

వాలు మొదట్లో ఆవిడ బ్రేకు తొక్కింది. కారు బుద్ధిగా నెమ్మదించింది. డబ్బాలాయన అప్పుడు ఊపిరి వదిలాడు.

టీచరుగారు తలుపు తీసి ఏమిటని అడక్కముందే, "అమ్మా, మీ బ్రేకులకి పాత బోల్టులు వేశాను. తప్పు నాదే. మార్చడానికొచ్చాను" అన్నాడు. పిల్లలిద్దరూ పక్కన నిలబడి చూస్తుండగా కొత్తవి బిగించాడు. ఊడదీసిన నాలుగింటితో ఆయన చెయ్యి, పాపం, అలవాటుగా జేబువైపు వెళ్ళింది. భార్య గొంతు సవరించుకుంది.

ఆయన వాటిని చెత్తబుట్టలో వేశాడు, తోమకుండానే.