నేను తీసేయమన్న పాట

డెబ్బైల చివర, డిగ్రీ చదివే రోజుల్లో, సినిమాల మీద నాకున్నంత నోరు మా వాడలో ఇంకెవరికీ లేదు. శుక్రవారం బొమ్మ పడితే శనివారం పొద్దుటికల్లా ఇరుగుపొరుగు ఆడవాళ్ళు మా వాకిట్లో ఉండేవారు. "ఎట్లుంది పిల్లా, పోవచ్చునా?" అని అడిగేవారు. నేను తీర్పు చెప్పేదాన్ని. ఫస్టాఫ్ ఫరవాలేదు, సెకండాఫ్ సాగింది, ఆమెకు ఆ చీర నప్పలేదు. వారపత్రికలో ఏ సమీక్షకుడైనా మా హీరోను ఒక్క మాట అంటే నాకు అన్నం సహించేది కాదు. వెంటనే పోస్టుకార్డు రాసి పడేసేదాన్ని. ఒక్కటీ అచ్చు వేయలేదు. ఆ కోపం ఇప్పటికీ పోలేదు.

మా అక్క మొగుడు మా వరంగల్‌లోనే ఒక టాకీసులో ఆపరేటరు. అందుకని గేటు దగ్గర నన్ను ఆపేవాళ్ళు లేరు. నచ్చిన సినిమా మూడుసార్లు, నచ్చనిది తిట్టడానికి రెండుసార్లు చూసేదాన్ని.

ఆ రోజుల్లో సినిమా పొడుగైతే టాకీసులోనే కత్తిరించడం మామూలు. ఏ పాటకు జనం బీడీలకు లేచిపోతారో ఆ పాట రీల్లోంచి కోసి డబ్బాలో పెట్టేవారు. ప్రింటు వెనక్కి పంపేటప్పుడు మళ్ళీ అతికించేవారు. మా హీరో కొత్త సినిమా మూడు గంటలు దాటింది. మ్యాట్నీ వదలకముందే ఫస్ట్ షో జనం గేటు మీద పడుతున్నారు. ఏదో ఒక పాట తీసేయమని మేనేజరు చెప్పాడట. మధ్యాహ్నం మా ఇంటికి అన్నానికి వచ్చిన బావ నన్నడిగాడు.

"ఏ పాట తీసెయ్యాలె పిల్లా?"

నేను బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను. తల కూడా ఎత్తలేదు.

"జాతర పాట. హీరో సగంలగాని రాడు. దండగ."

ఆ రోజే కోసేశాడు. సినిమా ఇప్పుడు పరుగెత్తుతోందని, అది నా పుణ్యమేనని రెండు రోజులు వాడంతా చెప్పుకుని తిరిగాను.

మూడో రోజు మ్యాట్నీకి మళ్ళీ వెళ్ళాను. లేడీస్ క్లాసులో నా పక్కన ఒక నడివయసు ఆమె కూర్చుంది. వేళ్ళ సందుల్లో నూలు రంగు, ఒళ్ళో ఖాళీ సంచి. తెర మీద గుంపు కనిపించినప్పుడల్లా ముందుకు వంగి చూస్తోంది. ఇంటర్వెల్‌లో నా మోచెయ్యి తట్టింది.

"జాతర పాట అయిపోయిందా బిడ్డా, ఇంకా వచ్చేదుందా?"

"ఎందుకమ్మా?" అన్నాను.

"మా పిలగాడున్నడు అండ్ల. కోలాటం ఏసెటోళ్ళల్ల. ఎర్ర రుమాలు కట్టిండట, ఎడమ దిక్కుకెల్లి మూడోటోడు. ఉత్తరం రాసిండు."

రెండేళ్ళ కింద మగ్గం వదిలేసి మద్రాసు వెళ్ళిపోయాడట. తండ్రి ఇంట్లో వాడి పేరు ఎత్తనివ్వడట. ఉత్తరం పక్కింటి వాళ్ళతో చదివించుకుందట. "నూలు తెస్తనని చెప్పి వచ్చిన. ఆరు గొట్టంగ బస్సు. అది దాటిపోతే ఇంట్ల దొరికిపోత," అంది. తర్వాత నెమ్మదిగా, "రెండేండ్లాయె బిడ్డా, మొకం చూడక," అంది.

నీళ్ళు తాగి వస్తానని చెప్పి బావ ఉండే క్యాబిన్ మెట్లు ఎక్కాను. పరుగెత్తాను అనడమే నిజం. అప్పటికే బెల్లు కొట్టేశారు. బావ ఒక ప్రొజెక్టరు మిషన్ మొదలుపెట్టి, రెండో మిషన్ మీదికి తర్వాతి రీలు ఎక్కిస్తున్నాడు. ఆ రీలు మొదట్లోనే పాట ఉండాలి. చేతిలో పది నిమిషాలు ఉన్నాయి.

"బావా, జాతర పాట పెట్టు."

"పిచ్చి లేచిందా? నువ్వే గదా దండగన్నవ్."

ఊపిరి తీసుకోకుండానే సంగతంతా చెప్పాను. బావ రీలు దించాడు, డబ్బా మూత తీశాడు, చుట్టి ఉన్న ముక్క బయటికి లాగాడు. అంచు గీకి, గమ్ము రాసి, బొటనవేలితో అదిమిపట్టాడు. ఇటు అతుకు ఒకటి, అటు ఒకటి. నడుస్తున్న మిషన్ మీద రీలు సన్నబడిపోతోంది. నేను దాన్నే చూస్తూ నిలబడ్డాను.

బావ అతుకును చిన్నగా లాగి చూశాడు. విడిపోయింది. మళ్ళీ గమ్ము రాశాడు.

"ఆరలే. పచ్చిగ ఎక్కిస్తే నడుమ తెగుతది. తెగితే కుర్చీలు ఇరగ్గొడ్తరు. నా నౌకరి పోతది."

"ఒక్కసారి బావా, నీ కాల్మొక్త."

బావ కిటికీలోంచి తెర చూసి, ముక్కను పక్కకు నెట్టి, రీలు ఉన్నదున్నట్టే ఎక్కించేశాడు. "పో, కిందికి పో," అన్నాడు నా వైపు చూడకుండా.

నా సీటు మీద సంచి పెట్టి ఎవరినీ కూర్చోనివ్వలేదు ఆమె. తెర మీద మా హీరో జాతరకు బండి కట్టాడు. మరుక్షణం జాతర నుంచి ఇంటికి వచ్చేశాడు. ఆమెకు ఏమీ తెలియలేదు. ఇంకా ముందుకు వంగింది. అక్కడి నుంచి నేను సినిమా చూడలేదు, ఆమెనే చూశాను. పెళ్ళి గుంపులో వెతికింది. కోర్టు బయట నిలబడ్డ జనంలో వెతికింది. ఎక్కడ ఎర్రగుడ్డ కనబడినా ఆమె చెయ్యి నా చేతి మీద పడేది. శుభం పడ్డాక అందరూ లేచిపోయారు. ఆమె తెల్లటి తెర వైపు కాసేపు చూసి లేచింది.

బస్టాండు దాకా నేనూ వెంట నడిచాను.

"నా కండ్లు మంచిగ లేవు బిడ్డా. రెప్ప కొట్టిన్నో ఏమో, దాటిపోయిండు. నీకు కనబడ్డడా?"

కనబడ్డడు అంటే సరిపోయేది. ఎర్ర రుమాలు, ఎడమ నుంచి మూడోవాడు, అన్నీ ఆమే చెప్పింది. సంతోషంగా బస్సెక్కేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆమె తన కళ్ళను తనే తిట్టుకుంటుంటే నా వల్ల కాలేదు.

"పాటే తీసేసిన్రమ్మా. నేనే తియ్యమన్న. ఆపరేటరు మా బావ."

ఆగిపోయింది. తిడుతుందనుకున్నాను, కొట్టినా బాగుండును అనుకున్నాను. ఆమె ముఖంలో కోపం కాదు, భయం కనిపించింది.

"ఎందుకు బిడ్డా? మావోడు మంచిగ ఆడలేదా?"

ఆ పాట నేను రెండుసార్లు చూశాను. అందులో హీరో ఎప్పుడు వస్తాడో, హీరోయిన్ ఎన్ని చీరలు మార్చిందో చెప్పగలను. కోలాటం వేసేవాళ్ళలో ఒక్కడి ముఖం కూడా నాకు గుర్తు లేదు. ఎంత తవ్వుకున్నా గుర్తు రాలేదు.

"నేను చూడలేదమ్మా," అన్నాను.

కండక్టరు కేకేస్తున్నాడు. ఆమె మెట్టు మీద కాలు పెట్టి, కడ్డీ పట్టుకుని వెనక్కి తిరిగింది.

"చూడకనే తియ్యమన్నవా?"

తిట్టడానికి కాదు, తెలుసుకోవడానికే అడిగింది. బస్సు వెళ్ళిపోయింది.