తంగేడు పువ్వు రంగు ఉంగరం: షార్జా క్యాంపు నుంచి దుబాయి బంగారం బజారుకు

వరంగల్ బజారులో ఒక బంగారం సేటు నా ఉంగరాన్ని ఇత్తడి అన్నాడు. గీటురాయి పక్కనే ఉంది. దాన్ని ముట్టుకోలేదు. కళ్ళతో చూసి, నలుగురు వినేలా అనేశాడు. ఆ ఒక్క మాటతో హసన్‌పర్తిలో జరగాల్సిన నా నిశ్చితార్థం ఆగిపోయింది. ఆ ఉంగరం ఎక్కడ కొన్నానో, ఏ దారిన పోయి కొన్నానో ఇక్కడ రాస్తున్నాను. గల్ఫులో పని చేస్తూ ఇంటికి బంగారం తెద్దామనుకునేవాళ్ళకు దారి తెలుస్తుంది. సేటుకు కూడా కొంత తెలుస్తుంది.

మాది కాజీపేట. షార్జాలో కట్టడాల దగ్గర ఇనుప చువ్వలు కట్టే పని నాది. పోయినసారి సెలవుకు వచ్చినప్పుడు హసన్‌పర్తి స్వరూపతో సంబంధం కుదిరింది. నిశ్చితార్థానికి పిల్లకు ఉంగరం పెట్టాల్సింది మేము. బజారులో అడిగితే బంగారం ధర ఒకటి, దాని మీద తరుగు, దాని మీద కూలి. తరుగు ఎందుకంత అని అడిగితే, "నువ్వేమన్న బంగారం పనిచేసే అవుసలోనివా, చెప్తే సమజైతదా?" అన్నారు. దుబాయిలో తులానికి నాలుగో వంతు దాకా తక్కువని షార్జాలో మేముండే కూలీల క్యాంపులో అందరూ చెప్పేవారు. అక్కడే కొందామని అప్పుడే నిర్ణయించుకున్నాను.

వేలి కొలత కావాలి కదా. స్వరూప వాళ్ళమ్మ దారం వెతుకుతుంటే, దారం సాగుతుంది వద్దన్నాను. నా పెట్టె తాళం పాడై దాన్ని చువ్వలు కట్టే తీగతో బిగించి తెచ్చుకున్నాను. అందులోంచి ఒక ముక్క విరిచి ఇచ్చాను. స్వరూప దాన్ని తనే వేలికి చుట్టుకుని మెలిపెట్టింది.

"జారద్దు, బిగుసుకపోవద్దు. బువ్వ కలిపినా తియ్యకుండ ఉండాలె" అంది.

పక్కనే ఉన్న ఆమె మేనమామ లింగమూర్తి నవ్వాడు. "ఇనుప తీగతోని షురువైంది సంబంధం. ఇగ బంగారం ఎప్పుడు చూస్తమో!"

ఆ తీగ ఉంగరాన్ని మొలతాడుకు కట్టుకుని మళ్ళీ షార్జాకు పోయాను. ఇసుకలో, సిమెంటులో, ఎండలో అది నా ఒంటి మీదే ఉంది.

మాకు సెలవు శుక్రవారం ఒక్కటే. జీతం అందిన వారం, పొద్దున పది గంటలకు బయలుదేరాను. తోడుగా యాదగిరన్న వచ్చాడు. ఆయనది తొర్రూరు, మా క్యాంపులోనే తాపీ పని. షార్జా నుంచి దుబాయికి ఐదుగురు కలిసి ఎక్కే టాక్సీలు ఉంటాయి, మనిషికి నాలుగు దిర్హమ్‌లు. డ్రైవరు పఠాను. ఉతికిన చొక్కాలు చూసి ఎక్కడికని అడిగాడు. పెళ్ళి ఉంగరం కొనడానికి అని హిందీలో చెప్పాను.

"మొదటి పెళ్ళా?" అన్నాడు.

"ఈ మొకానికి రెండోది గూడనా!" అని యాదగిరన్న తెలుగులోనే అనేసి, మళ్ళీ హిందీలో చెప్పేసరికి బండి అంతా నవ్వింది. దిగేటప్పుడు పఠాను ఒక మాట చెప్పాడు. బంగారం ధర దగ్గర బేరం ఆడొద్దు, అది అందరికీ ఒకటే. కూలి దగ్గర ఎంతైనా ఆడు.

శుక్రవారం మధ్యాహ్నం నమాజు అయ్యాక, నాలుగు గంటలకు గానీ బజారు తెరవరు. అందుకని తినడానికి అవతలి ఒడ్డుకు పోయాం. దుబాయి ఊరి మధ్యలోకి సముద్రం పాయగా చొచ్చుకొస్తుంది. చెక్క పడవ ఎక్కితే పావు దిర్హమ్‌కు దాటిస్తాడు. పడవకు అంచు గోడ లేదు, పట్టుకోవడానికి ఏమీ లేదు. రెండు పక్కలా ఓడలు. అవి కూడా చెక్కవే! ఒక్కో ఓడ మా కాజీపేట ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ గూడ్సు బండంత ఉంది. ఒడ్డున ఫ్రిజ్‌లు, టైర్లు, టీ పెట్టెలు కొండల్లా పేర్చి ఉన్నాయి. కాపలా మనిషి కనిపించలేదు. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే యాదగిరన్న మోచేత్తో పొడిచాడు.

"నోరు మూయ్ తమ్మీ, పడవ మునుగుతది."

మలయాళీ హోటల్లో చేపల పులుసు, అన్నం తిన్నాం. కారం చాలదు, కానీ అన్నం అడిగినంత పెడతారు. మళ్ళీ పడవ దాటి బజారుకు చేరేసరికి దుకాణాలు తెరుస్తున్నారు.

దీన్ని ఎలా రాయాలో నాకు తెలియడం లేదు. మిర్చి సీజనులో వరంగల్ మార్కెట్‌కు పోయినవాళ్ళకు తెలుస్తుంది, ఎటు చూసినా ఎర్రటి రాశులే. అక్కడ ఎటు చూసినా పసుపే. ఇరుకు సందులు, పైన చెక్క కప్పు, రెండు వైపులా అద్దాలు, అద్దాల వెనక పైనుంచి కింద దాకా బంగారం. గాజులు కర్రలకు గుచ్చి పెట్టారు. హారాలు మన దగ్గర బంతిపూల దండలు వేలాడేసినట్టు వేలాడేశారు. కూలివాళ్ళు, అరబ్బు ఆడవాళ్ళు, సూటు వేసుకున్నవాళ్ళు అందరూ ఒకే సందులో భుజాలు రాసుకుంటూ నడుస్తున్నారు. సిమెంటు మరకల చేతులతో నేను అద్దం ముట్టుకున్నా ఎవడూ పొమ్మనలేదు. మా బజారులో చెప్పులు చూసి మాట మారుతుంది. అక్కడ నా చెప్పుల వంక ఎవరూ చూడలేదు.

మేము ఆగిన దుకాణం ఒక గుజరాతీ పెద్దాయనది. ఆ రోజు ధర పలక మీద సుద్దతో రాసి ఉంది. మొలతాడు నుంచి తీగ ఉంగరం తీసి బల్ల మీద పెట్టాను. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. దాన్ని కొలత కడ్డీకి ఎక్కించి, సరిపోయే ఉంగరాలన్నీ ముందు పెట్టాడు. పువ్వు చెక్కిన ఒకదాన్ని ఎంచుకున్నాను. తూకం గాజు పెట్టెలో ఉంది. ఫ్యాను గాలి తగలకుండా తలుపు మూసి, ముల్లు నిలబడ్డాక నన్ను వంగి చూడమన్నాడు. అరతులం. తరుగు ఎంత అని అడిగితే ఆయనకు ఆ మాటే అర్థం కాలేదు. కూలి దగ్గర నేను వద్దు వద్దని మన హైదరాబాదు ఉర్దూలో "నక్కో, నక్కో" అంటుంటే మాత్రం పడీ పడీ నవ్వాడు. హైదరాబాదా అని అడిగి, ఐదు దిర్హమ్‌లు తగ్గించాడు. అన్నీ కలిపి రెండు వందల యాభై.

కట్టబోయే ముందు ఆయనే అడిగాడు. మీ వైపు వాళ్ళకు ఎర్రగా ఉంటేనే నచ్చుతుంది, ఎరుపు మెరుగు పెట్టించమంటావా అని. ఉంగరాన్ని వెలుతురులోకి పట్టి చూశాను. బతుకమ్మకు కోసుకొచ్చే తంగేడు పువ్వు ఉంటుంది చూడండి, అచ్చంగా ఆ పసుపు.

"ఏమంటవే అన్నా?" అన్నాను.

"తంగేడు పువ్వుకు రంగేస్తరారా ఎవలన్న?" అన్నాడు యాదగిరన్న.

వద్దని చెప్పాను. ఉంగరం లోపలి వైపు ఇరవై రెండు క్యారట్ల ముద్ర చూపించి పొట్లం కట్టాడు.

బయటికి వస్తుంటే సాయంత్రం నమాజు పిలుపు వినిపించింది. ఎదురు దుకాణం ఇరానీ ముసలాయన లేచి, గుమ్మానికి అడ్డంగా ఒక గుడ్డ లాగి, మసీదు వైపు నడిచిపోయాడు. తలుపు వేయలేదు, తాళం లేదు. గుడ్డ వెనక గోడ నిండా బంగారం వెలుగుతోంది. మా ఊళ్ళో పాన్‌డబ్బాకు రెండు తాళాలు. ఆయన తిరిగి వచ్చేదాకా అక్కడే నిలబడ్డాను. సందులో వందల మంది నడిచారు, ఒక్కడూ ఆ గుడ్డ వైపు చెయ్యి చాపలేదు. "ఇగ నడువ్, టాక్సీ దొరకది" అని యాదగిరన్న గుంజుకొచ్చాడు.

సెలవు దొరికాక విమానంలో బొంబాయికి వచ్చాను. కస్టమ్స్ ఆయనకు దాచకుండా చూపించాను. ఎవరికి అని అడిగి, చెబితే నవ్వి పంపించాడు. అక్కడి నుంచి రైలులో సికింద్రాబాదు, బండి మారి కాజీపేట. రెండు రోజుల దారి, చెయ్యి జేబులోంచి తీయలేదు.

ఉంగరం చూడగానే లింగమూర్తి మొహం ముడుచుకుంది. "గింత పచ్చగున్నదేంది?" అని నన్ను వెంటబెట్టుకుని బజారుకు పోయాడు. ముప్పై ఏళ్ళుగా వాళ్ళింటికి బంగారం అమ్మేది ఆ సేటే. ఆయన ఉంగరాన్ని రెండు వేళ్ళతో ఎత్తి, తిప్పి, బల్ల మీద పడేశాడు.

"దుబాయి సరుకా? బంగారం ఎర్రగుంటది. ఇది పసుపు కొమ్ము లెక్కుంది. ఇత్తడి."

"రాయి మీద గీసి చూడున్రి సేటూ" అన్నాను.

"నా కన్ను ఉండంగ రాయెందుకు? ఎవడో నీకు టోపీ పెట్టిండు బిడ్డా."

కొనడానికి వచ్చినవాళ్ళంతా నవ్వారు. లింగమూర్తి బయటికి వచ్చి ఒకే మాట అన్నాడు. "ఇత్తడి పెట్టేటోనికి మా పిల్లనెట్ల ఇస్తం?"

సంగతి ఇంతే. మన దగ్గర బంగారంలో రాగి ఎక్కువ కలుపుతారు, పైన ఎర్ర మెరుగు పెడతారు. తాతల నాటి నుంచి అది చూసి చూసి, ఎర్రగా ఉంటేనే బంగారమని మన మనసులో పడిపోయింది. అక్కడ వెండి ఎక్కువ కలుపుతారు, అందుకే పసుపు. క్యారట్లు రెండింటికీ ఒకటే. నేను ఒక అవుసలాయన దగ్గర గీయించాను. ఇత్తడిని కరిగించే మందు చుక్క వేస్తే గీత చెక్కు చెదరలేదు. "బంగారమే కొడుకా. కానీ నా పేరు తియ్యకు, నాకు పనిచ్చేది ఆ సేటే" అన్నాడు ఆయన. సేటు నోటితో అంటే తప్ప లింగమూర్తి నమ్మడు.

స్వరూపను వాళ్ళ గుమ్మం దగ్గర చూశాను. తీగ ఉంగరం తిరిగి ఇమ్మంది, ఇచ్చాను. అందరూ చూస్తుండగానే వేలికి పెట్టుకుంది. "ఇది ఇనుమని అందరికీ తెలుసు, ఎవ్వలు ఏమనరు. అది బంగారమని ఆ సేటుతోటి చెప్పించు. అప్పటిదాంక ఇది తియ్యను" అంది.

ఇరానీ ముసలాయన గుమ్మానికి లాగిన ఆ గుడ్డ ఇంకా నా కళ్ళ ముందే ఉంది. ఎవరి మాట మీద ఎవరు అంత నమ్మకం పెట్టుకుంటే గోడంత బంగారం అలా వదిలి పోగలరు? ముక్కూ మొహం తెలియని ఊళ్ళో నా ఇనుప తీగకు మర్యాద దక్కింది. పుట్టిన ఊళ్ళో నా బంగారానికి గీటురాయి కూడా దక్కలేదు. మీరు కొనుక్కొస్తే ఒక్క పని చేయండి. ఇంటికి రాగానే, ఎవరూ రంగు గురించి నోరు విప్పకముందే, రెండు వైపుల పెద్దల ఎదుట గీటురాయి మీద గీయించండి.

ఇక సేటుకు. ఇది పత్రికలో అచ్చయ్యాక వచ్చే మొదటి గురువారం, మీ దుకాణంలో దీపాలు పెట్టే వేళలోపు, లింగమూర్తి ఎదుట నా ఉంగరాన్ని గీటురాయి మీద గీయండి. ఇత్తడైతే మీ గుమ్మంలో నిలబడి నేనే అరిచి చెబుతాను, మళ్ళీ హసన్‌పర్తి దారి తొక్కను. బంగారమైతే మీరు చెప్పాలి. ఇత్తడి అన్నప్పుడు ఎంత గట్టిగా అన్నారో అంత గట్టిగా, అంతమంది ముందు. గీస్తారో గీయరో ఆ గురువారం పొద్దుననే కబురు పంపండి. ఆ తర్వాతి వారం నా సెలవు అయిపోతుంది. స్వరూప వేలికి ఇంకా ఇనుప తీగే ఉంది.