ఎర్ర నూనెలో పచ్చ వెలుగు

నరసరావుపేటలో ఒక డిగ్రీ కాలేజీలో చాలా ఏళ్ళుగా ఫిజిక్స్ చెబుతున్నాను. ఈ మేడంకు ముక్కుమీదే కోపం అని పిల్లలు అనుకుంటారని నాకు తెలుసు. ఆ పేరు పోగొట్టుకోవాలని ఎప్పుడూ ప్రయత్నించలేదు. ల్యాబులో కాకిలెక్కలు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. సీనియర్ల రికార్డులు తెచ్చుకుని, ప్రయోగం చేయకుండానే రీడింగులు దించేయడం మా దగ్గర బాగా పాత అలవాటు. ఒకసారి ఒకే తప్పు మూడు బ్యాచ్‌ల రికార్డుల్లో అదే వరుసలో కనబడింది. అలాంటివి పట్టుకోవడంలో నన్ను మించినవాళ్ళు లేరని గర్వంగా ఉండేది.

నాలుగేళ్ళ కిందట ఆఖరి సంవత్సరం పిల్లలకు ఒక చిన్న ప్రాజెక్టు ఇచ్చాను. ఇంట్లో దొరికే ఏదో ఒక ద్రవం తెచ్చి దాని వక్రీభవన గుణకం కనుక్కోవాలి. వెలుగు ఆ ద్రవంలోకి వెళ్ళేటప్పుడు ఎంత వంగుతుందో చెప్పే సంఖ్య అది. బోలుగా ఉండే గాజు పట్టకంలో ద్రవం పోసి, లేజర్ కిరణాన్ని దాని గుండా పంపి, ఎదుటి గోడమీద అంటించిన గ్రాఫు కాగితంపై చుక్క ఎక్కడ పడిందో కొలవాలి. ఎక్కువమంది కొబ్బరినూనె తెచ్చారు. కొందరు పంచదార నీళ్ళు తెచ్చారు. ఒకడు సోడా తెచ్చి బుడగలతో నానా తిప్పలు పడ్డాడు.

ఒక అమ్మాయి మిరప నూనె తెచ్చింది. వాళ్ళ నాన్నకు చిలకలూరిపేట రోడ్డులో బైకు మెకానిక్ షాపు ఉంది. అమ్మ కోల్డ్ స్టోరేజీ దగ్గర మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్ళేది. ఎండుమిరప తొక్కలు నూనెలో నానబెట్టి, రెండుసార్లు గుడ్డలో వడకట్టి, చిన్న సీసాలో పోసుకుని వచ్చింది. మాట తక్కువ పిల్ల. ఎమ్మెస్సీ చదవాలని ఉందని నాతో ఒకే ఒక్కసారి అంది, అదీ నేల చూపులు చూస్తూ. ల్యాబులో పట్టకాలు తక్కువ, వంతు రావడం లేదు, ఆదివారం ఒక పట్టకం ఇంటికి తీసుకెళ్ళి చేసుకుంటానంటే సరేనన్నాను.

సోమవారం ఒక కాగితం ఇచ్చింది. తెలుగులో, గుండ్రటి అక్షరాలతో రాసింది. నిమిషానికొకటి చొప్పున రీడింగులు. అదే నూనె, అదే పట్టకం, కానీ ఒక రీడింగుకూ ఇంకోదానికీ పొంతన లేదు. మొదటి సంఖ్య బాగానే ఉంది. తర్వాతవి మూడో దశాంశ స్థానంలో తగ్గుతూ పోయాయి. కింద ఇలా రాసింది: "చుక్క పెద్దదవుతోంది. మధ్యలో నల్లబడి చుట్టూ వలయాలు వస్తున్నాయి. కాసేపటికి పై సగం అణిగి అర్ధచంద్రంలా అవుతోంది. పై సగమే ఎందుకు అణుగుతోంది?"

నూనె గుణకం నిమిషానికోసారి మారదు. నేను అంతవరకే ఆలోచించాను. ఆ సీసాలో నూనెనే పట్టకంలో పోసి, కాలేజీ లేజర్ పెట్టి, పది నిమిషాలు చూశాను. చుక్క కదల్లేదు, పెరగలేదు. అప్పుడు క్లాసు మొత్తాన్నీ ల్యాబులోకి పిలిచాను.

"ఏంటమ్మా ఇది? మీ నూనె నిమిషానికో మాట మాట్లాడుతుందా?" అన్నాను. అందరూ నవ్వారు.

"చుక్క పెరిగింది మేడం. నేను చూశా," అంది.

"ఇప్పుడు ఇంతమందీ చూస్తున్నారు. ఎక్కడ పెరుగుతోంది?"

ఆ పిల్ల గోడమీది ఎర్ర చుక్కను చూసింది. తర్వాత మెల్లగా, "ఇంటికాడ పెరిగింది మేడం," అంది.

ఈసారి నవ్వులు ల్యాబు దాటి వరండాలోకి వినబడ్డాయి. నేను ఆపలేదు. పైగా, "అబద్ధం రాయడానికి కూడా కాస్త తెలివుండాలి," అన్నాను. ఆ మాట రాయడానికి ఇప్పుడు నాకు సిగ్గుగా ఉంది. ఎర్ర పెన్ను తీసి కాగితం ఈ మూల నుంచి ఆ మూలకు గీత కొట్టాను. రీడింగులు సరిచేసుకుని వస్తే మార్కులు వేస్తానన్నాను.

"నేను చూసిందే రాశా మేడం," అని వెళ్ళి తన చోట నిలబడింది. సరిచేసి తేలేదు. ప్రాజెక్టుకు సున్నా వేశాను. ఆ ఏడాది డిగ్రీ పాసైంది గానీ పీజీ ఎంట్రెన్సు రాయలేదని తర్వాత తెలిసింది. అయ్యో అని కూడా అనుకోలేదు. అదే బ్యాచ్‌లో కొబ్బరినూనె విలువను పాత రికార్డులోంచి ఎత్తి రాసినవాళ్ళకు పూర్తి మార్కులు పడ్డాయి. వాళ్ళ రీడింగులు ముచ్చటగా ఉన్నాయి మరి.

మొన్న శివరాత్రి తర్వాత మా ల్యాబుకు కొత్త లేజర్ వచ్చింది, పచ్చ కాంతిది. పరీక్షించి చూడటానికి ఏదైనా రంగు ద్రవం ఇవ్వమని అటెండర్‌ను అడిగితే, బీరువా అడుగున వెతికి ఒక సీసా తెచ్చిచ్చాడు. మూత మీద అంటించిన చీటీపై గుండ్రటి అక్షరాలు. "మిరప నూనె, వడకట్టినది." రంగు కొంచెం తగ్గినా ఇంకా ఎర్రగానే ఉంది. పట్టకంలో పోసి లేజర్ వేశాను.

చుక్క ఉబ్బింది. మధ్యలో నల్లబడింది. చుట్టూ ఒకదాని వెంట ఒకటి వలయాలు విచ్చుకున్నాయి. చూస్తుండగానే పై సగం అణిగి అర్ధచంద్రం అయింది.

ప్రాజెక్టుల ఫైలు తీయించి ఆ కాగితం వెతికాను. నా ఎర్ర గీత కింద, మొదటి వరుసలోనే ఉంది: "వెలుగు: పచ్చ లేజరు టార్చి, కోటప్పకొండ తిరునాళ్ళలో కొన్నది." ఆ వరుస నేను చదవనే లేదు. కాలేజీ లేజర్ ఎర్రది. ఎర్ర వెలుగును ఎర్ర నూనె ఆపదు, సాఫీగా పోనిస్తుంది. పచ్చ వెలుగును మాత్రం మింగుతుంది. మింగినచోట వేడెక్కుతుంది, వేడెక్కి పలచబడుతుంది, పలచబడినచోట వక్రీభవన గుణకం తగ్గుతుంది. కిరణం మధ్యలో వేడి ఎక్కువ, అంచుల్లో తక్కువ. అందుకని నూనె తానే ఒక కటకమై కిరణాన్ని విడదీస్తుంది. ఏ వెలుగుతో కొలుస్తున్నామో ఆ వెలుగే మనం కొలిచేదాన్ని మార్చేస్తుంది. ఇది నాకు తెలియని పాఠం కాదు. ఎమ్మెస్సీలో దానిమీద పరీక్ష రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

మర్నాడు చిలకలూరిపేట రోడ్డులో ఆ షాపు వెతుక్కుంటూ వెళ్ళాను. వాళ్ళ నాన్న బండి పక్కన కూర్చుని పని చేసుకుంటున్నాడు. ఆ అమ్మాయి స్పేరుపార్టుల కౌంటరులో ఉంది. నన్ను చూసి లేచి నిలబడింది. ఆ కాగితం కౌంటరు మీద పెట్టి, "తప్పు నాది. నువ్వు చూసింది నిజమే. నన్ను క్షమించు," అన్నాను.

ఆమె ఆ ఎర్ర గీతను వేలితో ఒకసారి తడిమింది. "మీరు అందరి ముందు అన్నారు గదా మేడం. ఇది కూడా అందరి ముందు చెప్పండి," అంది. గొంతులో కోపం లేదు. న్యాయంగా రావలసింది అడిగింది, అంతే.

ఆ అందరూ ఇప్పుడు ఒకచోట లేరు. ఆనాటి క్లాస్ లీడర్‌కు ఫోన్ చేస్తే, బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో నన్ను చేర్చాడు. ఆ అమ్మాయి మాత్రం ఆ సోమవారమే గ్రూపులోంచి వెళ్ళిపోయిందట. చుక్క ఉబ్బడాన్ని వీడియో తీసి పెట్టాను. ఆ రోజు నేనన్న మాట ఉన్నదున్నట్టు రాసి, తను నిజమే రాసిందనీ, చదవకుండా గీత కొట్టింది నేనేననీ రాశాను. ఇద్దరు నమస్కారాలు పెట్టారు. ఒకరు "సూపర్ మేడం" అన్నారు. నలుగురైదుగురు మాత్రం ఒకే సంగతి రాశారు: "ఇది ఎప్పుడు జరిగింది మేడం? గుర్తు లేదు."

నవ్వినవాళ్ళు మర్చిపోయారు. ఆ మాట అన్న నేను కూడా, సీసా దొరికేదాకా, మర్చిపోయే ఉన్నాను.

మళ్ళీ షాపుకు వెళ్ళి ఫోను ఆమె చేతికిచ్చాను. అన్నీ చదివింది, గుర్తు లేదన్నవి కూడా. వీడియో రెండుసార్లు చూసింది. ఫోను తిరిగిచ్చి, కాగితం మీద తన చివరి వాక్యం చూపించింది.

"ఇది చెప్పలేదు మేడం మీరు. పై సగమే ఎందుకు అణుగుద్ది?"

"వేడెక్కిన నూనె పైకి లేస్తుంది. పైనంతా వేడి పరుచుకుంటే అక్కడ తేడా తగ్గిపోతుంది. తేడా లేనిచోట వెలుగు అంతగా విచ్చుకోదు," అన్నాను.

ఆమె తల ఊపింది. "నేనూ అట్టాగే అనుకున్నా. కాగితం మీకిచ్చి పోతా ఉంటే తట్టింది. ఆ రోజు ల్యాబులోకి పిలిచారు గదా, అది చెప్పమంటారేమో అనుకున్నా మేడం."