షెమాన్ గ్రెనియే గడ్డిలో చీమలూ నీలి సీతాకోకచిలుకలూ

1966 అక్టోబరు 15, శనివారం. మా దీవి దక్షిణాన, చెల్లెలి ఊరు షెమాన్ గ్రెనియేలో ఉన్నవారు: నేను, చెల్లెలు సత్తెమ్మ, ఆమె భర్తా భజన గురువూ అయిన అప్పన్న బావ, భజన బృందం పన్నెండుమంది.

ముందు కారణం చెప్పాలి. కాలు విరిగి ఏడాది మంచాన ఉన్న సత్తెమ్మ, నడక వస్తే రామభజనలో దీపం చుట్టూ వట్టికాళ్ళతో తిరుగుతానని మొక్కుకుంది. దీపం పెట్టాల్సిన పెరటి గడ్డి నిండా కుట్టే చీమలు. ఏం చేయాలని బావ ఉత్తరం రాస్తే చూసిన పురుగుల గురించి రాసుకునే నా పాత డైరీ తిరగేసి జవాబిచ్చాను: ఆ చీమలు నీలి సీతాకోకచిలుకల పురుగులను పీక్కుతింటాయి, మరిగిన నీళ్ళు పోస్తే రెండు విధాలా మేలు.

మా ఊరు లెస్కాలియేలో ఆరూ నలభైకి బస్సెక్కి రోజ్ బెల్‌లో ఇంకో బస్సు మారాను. చెరకు బండ్ల వెనక బస్సు నింపాదిగా నడిచింది. భూతద్దం తుడుస్తుంటే పక్క సీటు కూరగాయలావిడ దీవి భాషలో "కి ఊ పే ఫేర్, తాతా?" అంటూ ఏం చేస్తున్నానో అడిగింది. చీమనూ సీతాకోకచిలుకనూ పోల్చబోతున్నానన్నాను.

"చీమ మా ఆయన, పొద్దస్తమానం పనే. రెండోది మా అత్త," అంది.

నా డైరీలోనూ అంతకన్నా ఎక్కువ లేదు.

తొమ్మిదింటికి చేరి, పప్పు కూరిన ఢోల్ పూరి తిని గడ్డిలో కూర్చున్నాను. చీమలది గోధుమరంగు, కొన్నింటికి ఒంటికి మించిన తల. వెళ్ళిన దారినే తిరిగివస్తాయి. సీతాకోకచిలుక గోరంత, లేత నీలం; మోకాలెత్తు దాటదు, ఏ పూవు దగ్గరా నిలవదు. ఒక ఆకు అడుగున దాని పచ్చని పురుగు, చుట్టూ చీమలు. ఏళ్ళ కిందట వట్టి కళ్ళతో చూసింది ఇదే. భూతద్దంలో చూస్తే చీమలు దాన్ని కరవడం లేదు. మీసాలతో వీపు నిమిరి, అక్కడ ఊరిన చుక్కను తాగుతున్నాయి. దగ్గరికొచ్చిన సాలీడును తరిమేశాయి. మూడింటిదాకా చూశాను. ఒక్క పురుగుకూ గాయం కాలేదు.

గడ్డిలో పోయడానికి బావ అప్పటికే నీళ్ళ కాగు పొయ్యిమీద పెట్టాడు. వెలిగించిన దీపాన్ని మంగళహారతి దాకా కదపరు. ఐదింటికి వెలిగిస్తారు, ఆలోపే చెప్పాలి. బృందమంతా వింటుండగా ఉత్తరంలో నేను రాసింది తప్పని, నీళ్ళు పోయొద్దని చెప్పాను.

"పెద్దవారు, మీరే రాసిచ్చారు. ఇప్పుడు కాదంటే దీపం ఎక్కడ పెట్టను?" అన్నాడు బావ.

సత్తెమ్మ చేతికర్ర గోడకు ఆనించింది. "ముంగిట కంకర బాటమీద పెట్టండి. నేను మొక్కింది నడకకి, గడ్డికి కాదు."

మూడు చుట్లు తిరిగింది, ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. కాగు నీళ్ళతో బావ అందరికీ టీ పెట్టించాడు.

మర్నాడు ఏడున్నరకు బస్సు. సత్తెమ్మ గుమ్మంలో కూర్చుని బొబ్బలెక్కిన అరికాళ్ళకు పసుపు రాసుకుంటోంది.

"చీమలే నయం, అన్నయ్యా," అంది.

తడి గడ్డిమీద నీలి రెక్కలు అప్పుడే విచ్చుకుంటున్నాయి. బస్సులో పాత డైరీ తెరిచాను. చీమలు పురుగులను పీక్కుతింటాయన్న వాక్యం కొట్టెయ్యలేదు. కింద తేదీ వేసి రాశాను: పై మాట తప్పు. భూతద్దం లేకుండా చూసి రాశాను.