కెమెరా కూసిన రోజు

కరోనా రోజుల్లో పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో, గింజలు ఉడికించే బాయిలర్ దగ్గర పనిచేసేదాన్ని. ఒక మధ్యాహ్నం అక్కణ్నుంచి నేరుగా అన్నానికి వెళ్తుంటే, గుమ్మంలో కొత్తగా పెట్టిన జ్వరం చూసే కెమెరా కూత పెట్టింది. తెర మీద నా నుదురు ఎర్రగా ఉంది. పక్కనున్న ఆడవాళ్లు దూరం జరిగారు.

"నీకు జ్వరమున్నాది. పద్నాలుగు రోజులు పనికి రాకు" అన్నాడు సూపర్‌వైజర్.

"జొరం కాదు బాబూ, బాయిలర్ సెగ. నువ్వూ పది నిమిసాలు అక్కడ నిలబడి రా, సూద్దుము. అందాకా నాను కదల్ను" అని గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాను.

అందరూ చూస్తున్నారని వెళ్లాడు. తిరిగి రాగానే కెమెరా మళ్లీ కూసింది.

"మరి నీకెన్ని రోజులు బాబూ?" అన్నాను. దూరం జరిగినవాళ్లంతా నవ్వుతూ నా పక్కకొచ్చారు.

మర్నాటి నుంచి ఒళ్లు చల్లబడ్డాకే మమ్మల్ని కెమెరా ముందు నిలబెట్టారు. ఇప్పటికీ నాదొకటే మాట. నా ఒంట్లో ఉన్నది జ్వరమో, చేసిన పనో, యంత్రాన్ని అడిగే ముందు నన్నడగండి.