సీసం లేని బ్యాటరీ

జుమ్మా నాడు పొద్దున ల్యాబు తాళం తీస్తుంటే మసీదు మైకులో ఒక పేరు చెప్పి, ఆయన ఇంతకాల్ అయ్యారని, నమాజు తర్వాత ఖననం అని ప్రకటించారు. ఆ పేరు ఎవరిదో నాకు తట్టలేదు. మైకులో "బ్యాటరీ దుకాణం" అన్న మాట విన్నాక గానీ తెలియలేదు, పోయింది మా బ్యాటరీ చాచా అని. ఇన్నేళ్లుగా ఎరిగిన మనిషి అసలు పేరు చావు కబురుతో పాటు తెలిసింది. సిగ్గేసింది.

బాన్సువాడ బస్టాండు దగ్గర నాది చిన్న రక్తపరీక్షల ల్యాబు. నాలుగు దుకాణాల అవతల చాచా దుకాణం. కోటగిరి నుంచి, పెద్ద కొడప్‌గల్ నుంచి ట్రాక్టర్లు, ఆటోలు ఆయన ముందుకే వచ్చి ఆగేవి. బ్యాటరీ చార్జింగుకు ఇస్తే, అది తయారయ్యేదాకా వాడుకోమని తన దగ్గరున్న ఇంకోటి పెట్టి పంపేవాడు. ఎవరు తీసుకుపోయారో ఎక్కడా రాసుకునేవాడు కాదు. చార్జింగు అయిన బ్యాటరీని కూడా వెంటనే ఇచ్చేవాడు కాదు. ఒక రోజు పక్కన ఊరికే పెట్టి, మళ్ళీ మీటరు పెట్టి చూసి ఇచ్చేవాడు. తొందరపెడితే, "చార్జర్ తీయంగనే అడిగితే ప్రతి బ్యాటరీ మంచిగనే ఉన్ననంటది. రేపు అడుగు, అసలు ముచ్చట చెప్తది" అనేవాడు.

ఎంత బరువైన బ్యాటరీ అయినా తనే ఎత్తేవాడు. నడుం మీద ఆనించుకుని, ఒక పక్కకు ఒరిగి నడిచేవాడు. వయసులో ఉన్నప్పుడు దుకాణం వెనక పాత బ్యాటరీలు పగలగొట్టి, సీసం కరగబెట్టి ప్లేట్లు అతికేవాడట. ఆ పని మానేసి చాలా ఏళ్లయినా చేతుల గీతల్లో నలుపు మాత్రం పోలేదు. ఆ చేతులతోనే చాయ్‌లో రొట్టె ముంచుకుని తినేవాడు. రోజూ చూసేవాణ్ణి. పొద్దస్తమానం చేతులు కడుక్కోమని జనానికి చెప్పే ఉద్యోగం నాది. ఆయనకు ఒక్కనాడూ చెప్పలేదు.

నాకొక పిచ్చి ఉంది. రెండు డోర్ల ఎర్ర కారు, సెకండ్ హ్యాండ్‌ది, స్పీడు కోసమే పుట్టిన బండి. నెలకో రెండు నెలలకో ఒక ఆదివారం హైదరాబాద్ అవతల ట్రాకు మీద తిప్పుకొస్తాను. మిగతా రోజులు బాన్సువాడ స్పీడ్ బ్రేకర్లకు పొట్ట గీసుకుంటూ తిరుగుతుంది. పోయిన ఎండాకాలం దాని బ్యాటరీ పోయింది. పద్దెనిమిది కిలోలుంటుంది అది. దాని బదులు లిథియం బ్యాటరీ పెడితే ముందు భాగం బరువు తగ్గి మలుపుల్లో బండి చెప్పినట్టు వింటుందని ట్రాకు దోస్తులు నా తలకెక్కించారు. ఫోన్లో ఫొటోలు చూపిస్తే చాచా కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి నన్ను కింది నుంచి పైదాకా చూశాడు.

"బండిల బరువు తగ్గిస్తవా డాక్టర్? రెండు పూటలు బిర్యానీ బంద్ జెయ్, తగ్గుతది."

డాక్టర్ని కానని ఎన్నిసార్లు చెప్పినా అలాగే పిలిచేవాడు.

నేను ఎంచుకున్నది అన్నిట్లోకీ తేలికైనది, రెండున్నర కిలోలది, అన్నం డబ్బా అంత ఉంటుంది. చాచా ఒప్పుకోలేదు. బండి ఆపేసి, తీగలో మీటరు పెట్టి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"చూడు చాచా, ఎంత తింటున్నదో."

"ఇప్పుడే కాదు. ఎంజిన్ బంద్ జేస్తే బండి పండదు. లోపల కంప్యూటర్లు పండనీ. అరగంట కూసో."

అరగంట కూర్చున్నాం. బండి నిద్రపోయాక కూడా అలారానికి కొంచెం కరెంటు పోతూనే ఉంది. ఎన్ని రోజులు నిలబెడతావని అడిగాడు. ఒక్కోసారి మూడు వారాలన్నాను. వేళ్ల మీద లెక్కేసి, నీ అన్నం డబ్బా పది రోజులకే ఖాళీ అయితదన్నాడు. ఈ జాతి బ్యాటరీ ఒక్కసారి పూర్తిగా అడుగంటితే మళ్ళీ లేవకపోవచ్చట. డబ్బా మీద ఇన్ని ఆంపియర్లకు సమానమని పెద్దగా రాసినదాన్ని వదిలేసి, కింద చిన్నగా రాసిన అసలు లెక్క చదవమన్నాడు. ఎంజిన్ నడిపి చార్జింగు ఎంత వస్తుందో చూశాడు. ఎక్కువైతే ఇది ఓర్చుకోదని, నీ బండికి సరిపోతుందని తేల్చాడు. నాలుగు రోజులు ఇలా సాగదీసి ఆరు కిలోలది తెప్పించమన్నాడు. అప్పటిదాకా తన బతుకులో లిథియం బ్యాటరీని ముట్టుకోలేదు ఆ మనిషి.

ఆ నాలుగు రోజుల్లోనే చూశాను, మాటిమాటికీ పొట్ట పట్టుకుని వంగిపోవడం. మీటరు పట్టుకుంటే మణికట్టు జారిపోతోంది. గ్యాస్ గోళీలు మింగుతున్నాడు. బలవంతంగా డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఆయన చాచా చేతులు చూసి, రక్తంలో సీసం పరీక్ష రాశాడు. శాంపిలు మీద "బ్యాటరీ చాచా" అనే రాసి హైదరాబాదుకు పంపాను. రిపోర్టు వచ్చింది. ఉండాల్సినదానికి ఎన్నో రెట్లు ఉంది. పని వెంటనే మానాలి, పెద్ద దవాఖానకు పోవాలి, పనిబట్టలు ఇంట్లో ఉతకకూడదు, ఇంట్లోవాళ్ళకూ పరీక్ష చేయించాలి అని డాక్టరు కింద రాశాడు. చాచాకు మొత్తం చదివి వినిపించాను.

రిపోర్టు తీసుకుని మడిచి, తిరిగి నా చేతిలోనే పెట్టాడు. ఆ తర్వాత అన్నాడు. "ఇంట్ల చెప్పకు బేటా. చెప్తే రేపు పొద్దుగాల షటర్ దించేస్తరు. నీ బ్యాటరీ రానీ. గదొక్కటి పెట్టి చూస్త. మల్ల నేనే చెప్త."

ఒప్పుకున్నాను. రోగి మాట దాటకూడదు కదా అని నాకు నేను నీతులు చెప్పుకున్నాను. అసలు సంగతి దాచను. నాకు ఆ బ్యాటరీ కావాలి, అది పెట్టగలిగినవాడు ఈ చుట్టుపక్కల ఆయన ఒక్కడే.

మూడు వారాలకు పార్సిలు వచ్చింది. అలవాటు చొప్పున నడుం వంచి, రెండు చేతులతో బలంగా ఎత్తాడు. అది గాల్లోకి లేచి ఆయన గడ్డానికి తగిలినంత పనైంది. నవ్వాడు. ఒక చేతిలోకి మార్చుకుని తూచినట్టు ఊపాడు.

"గిందుల సీసం ఎంతుంటది?"

"అసలే లేదు చాచా."

"అసలే లేదా?"

అటూ ఇటూ తిప్పి చూసి నాతో కాదు, దానితోనే అన్నాడు. "నలభై ఏండ్ల కింద ఏడ పోయినవ్ రా నువ్వు?"

 బ్యాటరీ బిగించి తాళం తిప్పమన్నాడు, తిప్పాను. బండి మొదటి దెబ్బకే అందుకుంది. రుద్రూర్ దాకా పోయి వచ్చాను. మలుపుల్లో నిజంగానే తేడా ఉంది. తిరిగొచ్చి ఆ మలుపుల ముచ్చట్లన్నీ పావుగంట చెప్పాను. చాచా స్టూలు మీద పొట్టకు మోచెయ్యి అదుముకుని విన్నాడు. ఇంట్లో ఎప్పుడు చెప్తావని ఆ రోజు అడగలేదు నేను.

తర్వాత వారం అడిగాను. "కోతలు అయిపోనీ బేటా, హార్వెస్టర్లు ఆగిపోతయ్" అన్నాడు. ఇంకోసారి అడిగితే మొహం తిప్పుకున్నాడు. ఆ తర్వాత నేనే అడగడం మానేశాను. రిపోర్టు నా సొరుగులో నాలుగు నెలలుంది. చివరికి దుకాణంలోనే మూర్ఛ వచ్చి పడిపోయాడు. నిజామాబాద్ తీసుకుపోయాం. సొరుగులోంచి తీసి పట్టుకెళ్లిన రిపోర్టు అక్కడి డాక్టరుకు ఇచ్చాను. ఆ హడావుడిలో ఆయన భార్య, మా చాచీ, చెవిన పడింది "కిడ్నీలు" అన్న ఒక్క మాటే. ల్యాబు తెరవాలని నేను ఆ రాత్రే తిరిగొచ్చాను. మూడో రోజు చాచా పోయాడు.

మట్టి వేసి వచ్చాక నాలుగు రోజులు ధైర్యం కూడదీసుకుని వాళ్ళింటికి పోయాను. చాచీ భర్త పోయాక పాటించే ఇద్దత్‌లో ఉంది, పరాయి మగవాళ్ళకు ఎదురుపడకూడదు. తలుపుకు పరదా కట్టారు. ఇవతల కుర్చీ వేసి నన్ను కూర్చోబెట్టి, వాళ్ళ బిడ్డ లోపలికి పోయింది. పరదాను చూస్తూ అంతా చెప్పాను. సీసం సంగతి, బట్టల సంగతి, ఇప్పుడు చాచీకి కూడా పరీక్ష చేయాలన్న సంగతి.

"నీకు ఎప్పుడు తెల్సు బేటా?" అంది చాచీ లోపలి నుంచి.

"నాలుగు నెలలైంది."

"మరి చెప్పలే?"

"చాచా వద్దన్నడు. నా కారు పని అయ్యేదాక ఆగుమన్నడు. నేను ఆగిన."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. తిట్టలేదు. నేనే, పనిబట్టలు ఏమైనా మిగిలి ఉంటే సంచిలో కట్టి బయట పెట్టమన్నాను. బిడ్డ చిన్నగా జవాబిచ్చింది. "ఒక అంగీ ఉన్నది అన్నా. పడిపోయిన నాడు వేసుకున్నది. అమ్మీ దిండు మీద పరుచుకుని పండుతున్నది."

"గది నాకియ్యాలె చాచీ. దాన్నిండా సీసమే ఉంటది."

"పెండ్లి అయిన కాడ నుంచి అన్ని నేనే ఉతికిన" అంది చాచీ. "గిదొక్కటే ఉతకలే."

 సూది, ట్యూబు తీసి పెట్టుకుని, చెయ్యి ఇవ్వమన్నాను. పరదా కింది నుంచి ఎండిపోయిన చెయ్యి బయటికి వచ్చింది. మోచేతి మడతలో స్పిరిట్ దూదితో మూడుసార్లు తుడిచి, పైన పట్టీ కట్టి, పిడికిలి బిగించమన్నాను. బిగించిన పిడికిట్లో నీలం గుడ్డ ఉంది, యాసిడ్ పడి చిల్లులు పడ్డ ఆ చొక్కా చెయ్యి. మిగతా చొక్కా పరదా అవతలే ఉంది. నరం దొరికింది. ట్యూబు నిండింది.

"ఇగ వదులు చాచీ" అన్నాను.

పిడికిలి విడలేదు.