ఎల్లారెడ్డి ర్యాపర్‌ను తయారుచేసింది నేనే

వెక్కిరిస్తే అందరికీ వెక్కిరింపుగానే అర్థమవుతుందని నమ్మిన తెలివితక్కువవాణ్ణి నేను. ఆ రోజుల్లో, అంటే రెండువేల పదకొండు ప్రాంతంలో, నాకు ఇరవై రెండేళ్లు. కామారెడ్డిలో పెళ్లి వీడియోలు తీసే స్టూడియోలో మిక్సింగ్ పని. (ఊళ్లోవాళ్ల పెళ్లిళ్లన్నీ చక్కగా మిక్స్ చేసేవాణ్ణి, నలుగురిలో నేను మాత్రం మిక్స్ అయ్యేవాణ్ణి కాదు.) చేతికి కెమెరా ఇమ్మని మా స్టూడియో అన్న వెంట ఏడాదిగా పడుతున్నాను. ఒకరోజు విసిగిపోయి, "ఈ ఆదివారం కెమెరా తీస్కపో. పదిమంది నవ్వే సినిమా ఒకటి తీస్కరా. నవ్విన్రా, వచ్చే ముహూర్తం నుంచి కెమెరా నీదే. నవ్వలేదా, మళ్ల నన్ను అడగద్దు" అన్నాడు.

ఆ ఏడాది కాలేజీ పిల్లలందరికీ ర్యాప్ పిచ్చి. టోపీ వెనక్కి తిప్పడం, ఎవరిమీదో తెలియని కోపంతో చేతులు విసరడం. దాన్ని ఆటపట్టిస్తూ, లేని గొప్ప ర్యాపర్ ఒకడున్నట్టు ఉత్తుత్తి డాక్యుమెంటరీ తీయాలనుకున్నాను. హీరో ఎల్లారెడ్డిలో ఉండే మా మేనత్త కొడుకు. "బావా, నువ్వు పెద్ద ర్యాపర్‌వన్నట్టు తీస్త" అంటే, "అన్నట్టేందిరా బామ్మర్దీ, అవును గద!" అన్నాడు. (మా అత్తమ్మకు ర్యాపరంటే బిస్కెట్ పుడ మీది కాగితమే.) బంగారు గొలుసు ఎక్కడ తేను? ఎద్దు మెడలోని గజ్జెల పట్టెడకు బంగారు రంగు వేసి బావ మెడకు కట్టాను. బావ ఊపిరి పీల్చినా గల్లుమనేది. కారుకు బదులు గాంధారి ఊరికి తిరిగే షేర్ ఆటో. ప్యాసింజర్లు దిగడానికి ఒప్పుకోలేదు, వాళ్లనే అంగరక్షకులను చేశాను. ర్యాపర్ కోపానికి ఓ కారణం కావాలి కదా, పాట నేనే రాసిచ్చాను: "కరెంటు రాదు, యో! మోటరు తిరగదు, యో! మడి ఎండె, నా గుండె మండె, యో యో!" రాస్తూ నాకు నేనే పొట్ట పట్టుకుని నవ్వాను.

ఇక ఊరివాళ్ల ఇంటర్వ్యూలు. వాళ్లకు తెలిసిన కెమెరా పెండ్లి కెమెరా ఒక్కటే. అది కనబడగానే ఆలుమగలు జంటలుగా వచ్చి, కర్రల్లా బిగుసుకుని నిలబడి, చేతులెత్తి దీవించారు. "అవ్వా, ఈ ర్యాపర్ గురించి చెప్పు" అంటే, "పిల్లపాపలతోని సల్లగుండాలె బిడ్డా" అంది.

కరెంటున్న మధ్యాహ్నం చూసి, అత్తమ్మ నడింట్లో టీవీలో వేశాం. వాకిలి దాకా జనం, ముందు వరుసలో స్టూడియో అన్న. గజ్జెలు గల్లుమన్నాయి, ఎవరూ నవ్వలేదు. అంగరక్షకులొచ్చారు, ఎవరూ నవ్వలేదు. "మోటరు తిరగదు, యో!" దగ్గరికి వచ్చేసరికి అందరి తలలూ అవునన్నట్టు ఊగాయి. వెనక ఒక పెద్దాయన కండువాతో కళ్లు తుడుచుకుని, "నిజం చెప్పిండు పోరడు! గీ సీడీ సబ్‌స్టేషన్ల ఏయుండ్రి" అన్నాడు. ఒకటే చప్పట్లు. బావ లేచి అందరికీ దండం పెట్టి, "కత, పాట, డైరెక్షన్ అంత నాదే. మా బామ్మర్ది కెమెరా పట్టుకున్నడు, గంతే" అన్నాడు. స్టూడియో అన్న నా భుజం తట్టి, "నవ్వియ్యమంటే ఏడిపిచ్చినవ్ గదరా" అంటూ కెమెరా సంచి తగిలించుకుని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఎల్లారెడ్డి చుట్టుపక్కల బావ ర్యాప్ లేకుండా పెండ్లి బారాత్ కదల్లేదు. ఆ వీడియోలన్నీ మిక్సింగ్‌కు నా దగ్గరికే. రెండేళ్లు బావ ‘యో’ అన్నచోటల్లా తెరమీద గులాబీ రేకులు రాల్చాను.

తర్వాత బావ పెండ్లి. కెమెరా అతనికి జ్వరం రావడంతో, "నీ బావే కదా, ఇయ్యాల్టికి పట్టు" అన్నాడు అన్న. భోజనాల దగ్గర పెండ్లికూతురు పెండ్లికొడుకుకు లడ్డు తినిపించే సీను మా వీడియోల్లో తప్పదు. తినిపించింది. "వెలుతురు సరిపోలె బావా, ఇంకోటి" అన్నాను. రెండోదానికి నీడ పడిందన్నాను. మూడోదానికి, "నోరు ఇంక పెద్దగ తెరువు, హీరో లెక్క." ఫోజంటే బావ ఏనాడూ కాదనడు. ఏడో లడ్డుకు బుగ్గలు బూరెల్లా ఉబ్బి, ఏదో అనబోయి, బంతిలో కూర్చున్నవాళ్ల మీదంతా లడ్డు పొడి దగ్గాడు. ముందు పెండ్లికూతురు పకపకా నవ్వింది, ఆ వెంటనే బంతి బంతంతా. స్టూడియో అన్నకైతే పొలమారింది. "గిదిరా సినిమా!" అన్నాడు. ఆ తర్వాతి ముహూర్తానికి కెమెరా నా చేతికొచ్చింది.

ఇప్పటికీ అప్పుడప్పుడు ఆ వీడియో వేసుకుంటాను. "ఇంకొక్కటి బావా" అని వెనక వినబడే నా పడుచు గొంతు ఎంత మర్యాదగా అడుగుతుందో! వెలుతురు మాత్రం మొదటి లడ్డుకే బ్రహ్మాండంగా ఉంది.